గుండుసూది మచ్చలు చెప్పిన తేదీ: ఇద్దరు జంతుశాస్త్రవేత్తల ఉత్తరాల కేస్ స్టడీ

ఈ కేసులో మొదటి తప్పు నాదే. అది ముందే ఒప్పుకుంటే మిగతాది తిన్నగా చెప్పవచ్చు.

పాత కాగితాలను శుభ్రం చేసి, వరుస పెట్టి, జాబితా రాయడం నా వృత్తి. కొన్నేళ్ల క్రితం ఒక మ్యూజియం గ్రంథాలయం నాకు ఒక ఉత్తరాల కట్ట అప్పగించింది. సంస్థ పేరు, ఉత్తరాలు రాసుకున్న ఇద్దరి పేర్లు, ఆ జీవి పేరు ఇక్కడ చెప్పను. మన దేశంలోని మ్యూజియంలో పనిచేసిన వారిని ‘ఇక్కడి ఆయన’ అంటాను, లండన్‌లో ఉన్నవారిని ‘అక్కడి ఆయన’ అంటాను. జీవి మంచినీటిలో బతికేది, గుప్పిట్లో పట్టేది. అంత తెలిస్తే చాలు. తేదీలు, ఊరు మాత్రం దాచలేదు. అవి లేకపోతే చెప్పడానికి కేసే లేదు.

నేపథ్యం

కట్టలో 140 దాకా ఉత్తరాలు ఉన్నాయి, 1901 నుంచి 1915 వరకు రాసుకున్నవి. ఆ కాలంలో ఇక్కడ దొరికిన జీవి కొత్తదా, పాతదా అని తేల్చడం తేలిక కాదు. పోల్చి చూడవలసిన పాత నమూనాల్లో చాలా భాగం లండన్‌లో ఉండేవి. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం ‘రికార్డ్స్’ అనే సొంత పత్రికను మొదలుపెట్టింది 1907లో. నెల్సన్ అనండేల్ డైరెక్టరుగా జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది 1916 జూలై 1న. అంతకుముందు ఇక్కడివారు జీవిని సారాయి సీసాలో పెట్టి ఓడెక్కించి, జవాబు కోసం ఎదురుచూసేవారు. అందుకే ఆనాటి జంతుశాస్త్రవేత్తల ఉత్తరం ఒంటరిగా ఉండదు. దాని వెనుక ఒక పెట్టె ఉంటుంది, పెట్టెలో సీసా, సీసాలో చీటీ.

బొంబాయి నుంచి వారానికొకసారి మెయిల్ ఓడ బయలుదేరేది. ఉత్తరాలు సూయజ్ దాటి ఇటలీలోని బ్రిండిసీలో దిగి, అక్కడి నుంచి రైల్లో లండన్ చేరడానికి సుమారు రెండు వారాలు పట్టేది. ఇక్కడి రైలు ప్రయాణం కూడా కలిపితే ప్రశ్నకు జవాబు రావడానికి కనీసం అయిదారు వారాలు. పైగా 1898 క్రిస్మస్ నుంచి సామ్రాజ్యంలో చాలా భాగాల మధ్య పెన్నీ తపాలా అమలైంది. ఇక్కడి నుంచి అణా ఖర్చుతో ఉత్తరం లండన్ వెళ్లేది. చవక కావడంతో వీళ్లు జవాబు కోసం ఆగేవారు కాదు. ఒక ప్రశ్న సముద్రం మీద ఉండగానే మరో రెండు ప్రశ్నలు బయలుదేరేవి.

అక్కడి ఆయన ఉత్తరాలు అసలు ప్రతులు. ఇక్కడి ఆయనవి ప్రెస్ కాపీలు. సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి ఇనుప ప్రెస్సులో నొక్కితే అక్షరాలు దానిమీదకి తిరగబడి దిగుతాయి. కాగితం ఉల్లిపొరలా ఉంటుంది కనుక రెండోవైపు నుంచి చదువుకోవాలి. ఇవి అచ్చు పేజీ సంఖ్యలున్న పుస్తకంలో వరుసగా ఉండేవి. మా దగ్గరికి వచ్చేసరికి బూజు పట్టిందని ఎవరో బైండింగు విప్పేశారు, పేజీ సంఖ్యలు మాత్రం మిగిలాయి. కవర్లు లేవు. స్టాంపులు సేకరించేవారి కత్తెర వాటిని ఎప్పుడో తీసుకుపోయింది. దానితో పోస్టు ముద్రలూ పోయాయి.

నేను చేసిన పని

కాగితాలను చిన్న చిన్న గుత్తులుగా గుండుసూదులతో గుచ్చి ఉంచారు. సూదులు తుప్పుపట్టి కాగితాన్ని తింటున్నాయి. వాటిని తీసేయాలని ఎవరైనా చెబుతారు, నేనూ తీసేశాను. తీసేముందు ఏ కాగితం ఏ కాగితంతో గుచ్చి ఉందో ఫోటో తీయలేదు. తర్వాత ఉత్తరాలన్నిటినీ తేదీల వరుసలో పెట్టాను. తేదీ లేనివి, చదవలేనివి, చిన్న చీటీలు కలిపి వేరే సంచిలో వేశాను.

కాగితాలు పుట్టించినవారి క్రమాన్ని చెదరగొట్టరాదని 1898లోనే ముగ్గురు డచ్చి ఆర్కైవిస్టులు తమ మాన్యువల్లో సూత్రంగా రాశారు. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఆ సూత్రం మీద పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఎందుకు చేశానంటే, ఆ కట్టలో నాకు క్రమమే కనిపించలేదు. 1912 ఉత్తరం పక్కన 1903 ఉత్తరం ఉంటే దాన్ని గందరగోళం అనుకున్నాను. అది ఇక్కడి ఆయన జీవుల వారీగా పెట్టుకున్న వరుస అయి ఉండవచ్చన్న ఆలోచన రాలేదు.

వచ్చిన సమస్య

రెండేళ్ల తర్వాత ఒక పరిశోధకురాలు వచ్చారు. ఇక్కడి ఆయన 1909లో పేరు పెట్టి వర్ణించిన జీవి మీద ఆవిడ పని. ఆ వర్ణనలో దొరికిన చోటు ‘గోదావరి జిల్లా’ అని ఉంది, అంతే. మ్యూజియంలో ఆ పేరుతో రెండు జాడీలు ఉన్నాయి. 8వ నంబరు జాడీ మీద ‘గోదావరి జిల్లా, ఏజెన్సీ’ అని ఉంది. నమోదు పుస్తకంలో అది ఎక్కిన తేదీ 1908 ఫిబ్రవరి 20. 14వ నంబరు జాడీ మీద ‘కిస్ట్నా జిల్లా’ అని ఉంది, అది ఎక్కినది 1909లో.

ఆవిడ లెక్క ప్రకారం కొండల్లో జీవి వేరు, మైదానంలో జీవి వేరు. అయితే 1909 నాటి పేరు రెంటిలో దేనికి చెందుతుంది? టైపు నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా, కొండలదైతే పాత పేరు కొండ జీవికి ఉంటుంది, మైదానపు జీవికి కొత్త పేరు పెట్టాలి. మైదానానిదైతే తారుమారు. ఉత్తరాలతో ఇలాంటిది తేలుతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఉత్తరంలో రాసినంత మాత్రాన కొత్త పేరు చెల్లదు, ప్రచురణ కావాలి. కానీ ఏ నమూనాలను చూసి ఆ పేరు పెట్టారో తేల్చడానికి, 2000కు ముందు పెట్టిన పేర్ల విషయంలో, అచ్చయినదైనా కానిదైనా ఏ ఆధారాన్నైనా లెక్కలోకి తీసుకోవచ్చని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళే అంటుంది. ఆ ఒక్క నియమం వల్ల మా చీకటి గదికి అప్పుడప్పుడు ఇలాంటి అతిథులు వస్తారు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్‌కు మొత్తం కట్ట ఇచ్చాం. మామూలు వాక్యాలను బాగానే చదివింది. లాటిన్ పేర్ల దగ్గర, మన ఊళ్ల పేర్ల దగ్గర తడబడింది. తడబడినట్టు చెప్పినా సరిపోయేది. అది తనకు తెలిసిన ఇంగ్లిషు మాట ఒకటి తెచ్చి అక్కడ కూర్చోబెట్టి, వాక్యాన్ని నున్నగా చేసి ఇస్తుంది. ఒక ప్రెస్ కాపీలో ‘14, బిఫోర్ కాలువ నుంచి’ అని వచ్చింది. కాలువకు ముందున్న చోటేదో అనుకుని వదిలేశాను. ఆ మాటను మళ్లీ చూడవలసి వస్తుందని అప్పుడు తెలియదు.

తర్వాత అక్కడి ఆయన ఉత్తరం ఒకటి పట్టుకున్నాం. పైన ‘గురువారం, 12 మార్చి’ అని ఉంది, సంవత్సరం లేదు. సారాంశం ఇది: మీ 8వ నంబరు నమూనాను, దానితో ఉన్న చీటీని తిరిగి పంపుతున్నాను. మా దగ్గర ఉన్న దేనితోనూ ఇది కలవడం లేదు. కొత్తదే కావచ్చు.

మార్చి 12 గురువారం వచ్చిన సంవత్సరాలు ఈ కాలంలో మూడు: 1903, 1908, 1914. వర్ణన అచ్చయింది 1909లో కనుక 1914 కుదరదు. 8వ నంబరు జాడీ నమోదైంది 1908 ఫిబ్రవరిలో. కనుక ఉత్తరం 1908 నాటిది, అక్కడి ఆయన చూసింది కొండ జీవిని. ఇంత శుభ్రంగా అతికే జవాబు నా వృత్తిలో అరుదుగా దొరుకుతుంది. ఆవిడకు రాసి పంపేశాను. ఆవిడ దాని ఆధారంగా వ్యాసం చిత్తుప్రతి మొదలుపెట్టారు.

నాలుగైదు రోజులకు ఒక చిన్న లెక్క నన్ను పీడించడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి 20న పుస్తకంలోకి ఎక్కిన జీవి మార్చి 12 నాటికి లండన్ చేరి, పోలికలు కూడా పూర్తి కావాలి. ఓడ ఎంత చురుగ్గా నడిచినా పెట్టె చేరేసరికి మార్చి రెండో వారం. అంటే ఆయన రెండుమూడు రోజుల్లో పని ముగించాలి. అసాధ్యమేమీ కాదు. కానీ ఆ ఉత్తరాలు చదివినవారికి ఆ మనిషి స్వభావం తెలుసు. నమూనాలు అందాక నెలలకు నెలలు నాన్చి, ప్రతి ఉత్తరాన్నీ క్షమాపణతో మొదలుపెట్టే మనిషి. ఈ ఒక్క ఉత్తరంలో మాత్రం మెరుపులా పనిచేశాడా? పైగా ఇందులోనూ ఆలస్యానికి క్షమాపణ ఉంది. నేను దాన్ని మర్యాదకు రాసిన మాటగా తీసుకుని దాటేశాను.

ఆవిడకు ఫోన్ చేసి, చిత్తుప్రతి ఆపమన్నాను. ఆ ఫోన్ చేయడం కష్టమైంది.

కాగితం నీటిగుర్తు చూశాను. అక్కడి ఆయన 1902 నుంచి 1909 దాకా ఒకే కాగితం వాడారు. లెటర్‌హెడ్ చూశాను, అదీ అంతే. నిజానికి ఇలాంటి ఆధారాలు ఒకవైపే పనిచేస్తాయి. కొత్త లెటర్‌హెడ్ కనిపిస్తే ఉత్తరం ఆ మార్పుకు ముందుది కాదని చెప్పవచ్చు. పాత లెటర్‌హెడ్ ఉంటే ఏమీ చెప్పలేం. మిగిలిపోయిన కాగితాన్ని పారేసే గుమాస్తా ఏ దేశంలోనూ లేడు.

ఉత్తరం 1903దైతే దానికి ఇక్కడి ఆయన రాసిన జవాబు ఉండాలి కదా అని ఆ ఏడాది ప్రెస్ కాపీలు వెతికాను. 8వ నంబరు గురించి ఒక్క ముక్క కూడా లేదు.

పని చేసింది

సూదులు పోయినా అవి చేసిన రంధ్రాలు ఉన్నాయి. గుండుసూది కాగితంలోకి దిగే చోట ఒకటి, పైకి వచ్చే చోట ఒకటి. రెంటి మధ్య దూరం, వాలు, వాటి చుట్టూ గోధుమ రంగు తుప్పు వలయం. ఒకే సూది గుచ్చిన కాగితాలన్నిటిలో ఈ మూడూ కలుస్తాయి. కింది కాగితానికి పోయేకొద్దీ తుప్పు మచ్చ పల్చబడుతుంది కనుక ఏది పైన, ఏది కింద అన్నది కూడా తెలుస్తుంది.

మార్చి 12 ఉత్తరాన్ని లైట్ బాక్స్ మీద పెట్టి, రంధ్రాలను, మచ్చ అంచును పారదర్శకమైన ఫిల్ము మీద గీసుకున్నాను. ఆ ఫిల్మును మిగతా కాగితాలన్నిటి మీదా ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. మూడు రోజులు పట్టింది. మామూలుగా కాగితాలను శుభ్రమైన ఒట్టి చేతులతోనే ముట్టుకుంటాం. ఇవి నమూనాలతో తిరిగినవి, ఆ కాలంలో తోళ్లకు, రెక్కలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవారు. కనుక మూడు రోజులూ చేతి తొడుగులు తప్పలేదు. ఉత్తరాల్లో ఏదీ కలవలేదు. చివరికి ‘చదవలేనివి’ అని నేనే పక్కన పడేసిన సంచి విప్పాను. అగ్గిపెట్టె అంత చీటీ ఒకటి సరిగ్గా కలిసింది. మచ్చ ఉత్తరం మీద ముదురుగా, చీటీ మీద లేతగా ఉంది. అంటే చీటీ ఉత్తరం కింద గుచ్చి ఉండేది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని అప్పుడు అర్థమైంది. పాత జాబితాలో దాన్ని ‘స్థానిక లిపిలో పిచ్చిగీతలు’ అని రాశారు, నేనూ ఆ మాటనే ఎక్కించేశాను. సిరా పాలిపోయి, సారాయి తగిలి చెదిరిన ఆ గీతలను ఇప్పుడు వెలుతురు మీద పెట్టి చూస్తే తెలుగు. ‘౧౪. గోదావరి జిల్లా ఏలూరు తా. కాలవ’.

౧౪ అంటే పద్నాలుగు. తెలుగు అంకె ఎరగని కళ్లతో ఒకసారి చూడండి. ౧ సున్నాలా ఉంటుంది. ౪ పైన తెరుచుకున్న ఎనిమిదిలా ఉంటుంది. లండన్‌లో ఆయన దాన్ని 08 అని చదివి ఉండాలి. అందుకే ఉత్తరంలో ‘మీ 8వ నంబరు’. మ్యూజియంలోని 8వ జాడీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అంతటితో జవాబు ఎందుకు దొరకలేదో తెలిసింది. నేను 8 కోసం వెతికాను, ఇక్కడి ఆయన తన లెక్క ప్రకారం 14 అని రాశారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ‘14, బిఫోర్ కాలువ నుంచి’ గుర్తొచ్చి ఆ ప్రెస్ కాపీ తీశాను. వెలిసిపోయిన ఆ మాట ‘బిఫోర్’ కాదు, ‘ఎల్లోర్’. ఏలూరును ఆనాటి ఇంగ్లిషులో అలాగే రాసేవారు. కాపీ తేదీ 1903 ఏప్రిల్ 2. పేజీ సంఖ్య ముందూ వెనకా ఉన్న తేదీలతో సరిపోయింది. మార్చి 12కు సరిగ్గా మూడు వారాలు. అందులోనే ఆ జీవి పొడవు 26 మిల్లీమీటర్లు అని ఉంది. 1909 వర్ణనలో మొదటి కొలత కూడా అదే.

ఎదురు వాదన

జిల్లా పేరు సంగతి తేలకపోతే ఇది సగమే. చీటీలో గోదావరి, జాడీ మీద కిస్ట్నా ఎందుకు? 1904లో జిల్లాల సరిహద్దులు మార్చినప్పుడు ఏలూరు తాలూకా గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలోకి పోయింది. చీటీ అంతకుముందుది. జాడీని 1909లో నమోదు చేసిన గుమాస్తా అప్పటి జిల్లా పేరు రాశాడు. ఇద్దరూ నిజమే రాశారు. ఆ కాలువ ఆ తర్వాత 1925లో పశ్చిమ గోదావరిలోకి, 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అది ఉన్నచోటే ఉంది, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి.

పరిశోధకురాలు దీన్ని తేలిగ్గా ఒప్పుకోలేదు, అది మంచిదైంది. జిల్లా మారినా జనం నోట పాత పేరు ఏళ్ల తరబడి నిలుస్తుంది, కనుక చీటీలో ‘గోదావరి’ అని ఉన్నంత మాత్రాన 1904కు ముందుదని ఎలా అంటారని అడిగారు. నిజమే. చీటీ ఒక్కటే ఉంటే నేను అనలేను. ఇక్కడ బరువు మోస్తున్నది జిల్లా పేరు కాదు, సూది. చీటీ ఉత్తరంతో గుచ్చి ఉంది, ఉత్తరానికి జవాబు తేదీతో సహా ఉంది. జిల్లా పేరు దానికి తోడు వచ్చిన సాక్షి మాత్రమే. రంధ్రాలు కాకతాళీయంగా కలవవచ్చు కదా అన్నది ఆవిడ రెండో ప్రశ్న. దానికి కట్టలోని కాగితాలన్నిటి కొలతలూ పట్టిక వేసి చూపించాను. దూరం ఒక్కటే కలిసినవి చాలా ఉన్నాయి. ఆ ఉత్తరంతో దూరం, వాలు, మచ్చ ఆకారం మూడూ కలిసినది ఆ చీటీ ఒక్కటే.

1908 నాటి కొండ నమూనాలను కూడా ఇక్కడి ఆయన 1909 వర్ణనలో కలిపారా అన్నది ఉత్తరాల్లో లేదు. కలిపి ఉండవచ్చు. అప్పుడు రెండు జాడీల్లోనివీ సిన్‌టైపులే, అంటే ఆ పేరుకు సమానంగా ఆధారమైన నమూనాలే అవుతాయి. ఆవిడ 14వ జాడీ నుంచి, పొడవు 26 మిల్లీమీటర్లున్న నమూనాను లెక్టోటైపుగా, అంటే వాటిలోంచి ఆ పేరుకు ఏకైక ఆధారంగా నిలిపే నమూనాగా, ఎంచుకుంటానన్నారు. లెక్టోటైపు దొరికిన చోటే టైపు స్థలం అవుతుంది కనుక పాత పేరు ఏలూరు కాలువ జీవికి ఉండిపోతుంది. కొత్త పేరు వెతుక్కోవలసింది కొండ జీవికి. ఆవిడ చిత్తుప్రతి మొత్తం తలకిందులైంది.

పద్ధతిలో మారినవి

ఇప్పుడు సూదిని తీసేముందు గుత్తిని గుత్తిగా రెండువైపులా ఫోటో తీస్తాను, పక్కవాటు వెలుతురులో కూడా. తీసిన సూదిని గుత్తి సంఖ్య రాసిన చిన్న కవరులో దాస్తాను. మా సహాయకుడికి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. తేదీల వరుస ఇప్పుడు కంప్యూటర్‌లోనే, కాగితం వచ్చిన వరుసలోనే ఉంటుంది. సంవత్సరం ఊహించినచోట ఏ కారణంతో ఊహించానో పక్కన రాస్తాను. ‘1908’ అని ఒట్టి అంకె రాసి ఉంటే నా తర్వాత వచ్చేవారికి దాన్ని అనుమానించే దారే ఉండేది కాదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నేను తర్కంలో చేసిన పొరపాటు. అచ్చయిన తేదీకి, జాడీ సంఖ్యకు ఉత్తరాన్ని అతికించాను. ఆ ఉత్తరంలోనే ఉన్న క్షమాపణను వినలేదు.

ఇంకా మిగిలింది

రంధ్రాల పట్టికతో మరో పదకొండు గుత్తులను తిరిగి కూర్చగలిగాను. మూడు ఉత్తరాలకు జతలు దొరకలేదు, వాటి కింద గుచ్చిన కాగితాలు ఎప్పుడో పోయి ఉంటాయి.

జాబితాలో ఆ చీటీకి ‘రాసినవారు’ అన్న గడి ఉంది. అక్కడ ఇదివరకు గీత ఒకటే ఉండేది. కాలువలోంచి ఆ జీవిని పట్టి, అంకె వేసి, ఊరు రాసిన మనిషి పేరు 1909 వర్ణనలో లేదు, ఉత్తరాల్లోనూ లేదు. ‘తెలుగు రాయగల సేకర్త, ఏలూరు తాలూకా, 1903 మార్చికి ముందు’ అని నింపాను. పోయిన వారం అదే సంచి అడుగున ఇంకో రెండు చీటీలు కనిపించాయి. ఒకదాని మీద ౨౧, ఇంకోదాని మీద ౨౬. తలకట్టు పెట్టే తీరు చూస్తే అదే చేతిరాత. వాటికి సరిపోయే రంధ్రాలున్న ఉత్తరం కోసం సోమవారం నుంచి మళ్లీ లైట్ బాక్స్ దగ్గర కూర్చోవాలి.